కొత్త క్రీము ముందు చేతికి, తర్వాతే ముఖానికి



వేసవి సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి నాకోసం ఒక సంచి తెచ్చింది. అందులో ముఖానికి రాసే క్రీములు రెండు, పెదవులకు ఒక బామ్, ఒక కాటుక పెన్సిల్. అన్నిటి మీదా ఆకుల బొమ్మలు, ‘హెర్బల్’, ‘నాన్ టాక్సిక్’ అన్న అక్షరాలు. “అమ్మా, వీటిలో విషపదార్థాలేమీ ఉండవు, ధైర్యంగా రాసుకో” అంది. ఉమ్మెత్త, గన్నేరు కూడా మొక్కలే కదమ్మా అన్నాను. అయినా బిడ్డ ప్రేమతో తెచ్చినవి. పారేయకుండా పరీక్షించి చూశాను. ఎలాగో చెబుతాను, మీరూ చేసుకోవచ్చు.

మోచేయి మడత దగ్గర, లోపలివైపు, రూపాయి బిళ్ళంత చోట ఉదయం, సాయంత్రం కొంచెం రాయాలి. ఇలా ఏడు రోజులు. ఒకసారికి ఒక్కటే రాయాలి. రెండు మూడు కలిపి రాస్తే దద్దుర్లు వచ్చినప్పుడు దోషం దేనిదో తెలియదు. ఒక పూట రాసి “ఏమీ కాలేదు” అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలర్జీ బయటపడటానికి రోజులు పడుతుంది. దురద, ఎరుపు, పొక్కులు వస్తే వెంటనే కడిగేసి ఆపాలి.

మొదటి క్రీము ఏడు రోజులూ బాగానే ఉంది. రెండోదానిలో టీ ట్రీ నూనె ఉంది. ఐదో రోజు చేతిమీద ఎర్రటి మచ్చ, రాత్రంతా దురద! అది ముఖానికే రాసుకుని ఉంటే మరునాడు డ్యూటీకి ఎలా వెళ్ళేదాన్నో! చెట్ల నుంచి తీసిన సువాసన నూనెలు కూడా అలర్జీ తెప్పిస్తాయి. ముఖానికి నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. ‘సహజం’ అన్న మాటకు, ‘మీకు పడుతుంది’ అన్న మాటకు సంబంధం లేదు.

చేతి పరీక్షకు దొరకనివి

అయితే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ పరీక్ష అలర్జీని మాత్రమే చూపిస్తుంది. విషాన్ని చూపించదు. పాదరసం, సీసం దురద పెట్టకుండానే లోపలికి పోవచ్చు. స్టెరాయిడ్ క్రీమైతే ఈ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతుంది, ఎందుకంటే అది దురదనే అణచేస్తుంది.

మా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొని నాలుగు నెలలు రాసింది. మొదట ముఖం నిగనిగలాడింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మానిన వారానికే ముఖమంతా మంట, మొటిమలు, చెంపల మీద సన్నటి ఎర్రని నరాలు. మళ్ళీ రాస్తే తగ్గేది, మానితే తిరగబెట్టేది. పెళ్ళికి మూడు వారాలుందనగా ముఖానికి చున్నీ చుట్టుకుని నా గదికి వచ్చి ఏడ్చింది. ట్యూబు మీద చూస్తే బీటామెథాసోన్. ఇటువంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చర్మం డాక్టరుగారు నెమ్మదిగా మాన్పించారు. పూర్తిగా తగ్గడానికి ఐదు నెలలు పట్టింది. పెళ్ళి మాత్రం అనుకున్న రోజునే జరిగింది. పెళ్ళికొడుకు ముఖం గురించి ఒక్క మాటా అనలేదట. ఆ రంగు గొడవంతా చుట్టాలదే!

పాదరసం ఇంకా పెద్ద ప్రమాదం. ఇది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది. అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. తర్వాత మూత్రపిండాలకు చేరుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 – 2023 మధ్య ఒక రకం మూత్రపిండ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన ఒకే లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. వాడటం మానాక చాలామందికి నయమైంది. మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ళకింద వాపు, కాళ్ళ వాపు కనిపిస్తే క్రీము సంగతి డాక్టరుతో తప్పక చెప్పండి. సిగ్గుపడకండి.

డబ్బా తిప్పి చూడండి

ముందువైపు ఆకుల బొమ్మ కాదు, వెనుకవైపు చిన్న అక్షరాలు చదవాలి. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాలు ఉండాలి. ఇవి లేని డబ్బా ఎంత ఖరీదైనా కొనవద్దు. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలపకూడదు. ముఖం క్రీముల్లో పాదరసం పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించకూడదు. విదేశాల నుంచి సంచుల్లో వచ్చే డబ్బాలను ఈ లెక్కన ఎవరూ తనిఖీ చేయరు. పదార్థాల్లో ‘మెర్క్యురీ’, ‘మెర్క్యురిక్’, ‘కాలొమెల్’ అని ఉన్నా, ‘బంగారం, వెండి నగలకు తగలనివ్వవద్దు’ అని హెచ్చరిక ఉన్నా అది పాదరసమేనని అనుమానించండి.

మా అమ్మాయి తెచ్చిన కాటుక మీద లైసెన్సు నంబరు లేదు. అది చెత్తబుట్టకే పోయింది. సుర్మాలో సీసం ఉంటుంది. పసిపిల్లల మెదడుకు సీసం ఏ కొంచెమైనా చేటే. ఇంట్లో పట్టిన కాటుకైనా బాలింతలు బిడ్డ కంట్లో పెట్టవద్దు, వేలితో కంటికి సూక్ష్మక్రిములు చేరతాయి. దిష్టి తగులుతుందని అమ్మమ్మలు పట్టుబడితే అరికాలికో చుక్క పెట్టించండి, గొడవ ఉండదు. స్టిక్కర్ బొట్టు పెట్టుకునేవారు రాత్రి తీసేయండి. కొన్నిటి జిగురులోని రసాయనం వల్ల ఆ చోట తెల్లమచ్చ వస్తుంది.

ఇప్పటికే ఏదైనా క్రీము నెలల తరబడి వాడుతున్నవారు చర్మం ఓపీకి వచ్చేటప్పుడు ఆ డబ్బా, ట్యూబు, ఖాళీదైనా సరే, చేత పట్టుకుని రండి. పేరు గుర్తులేదంటే డాక్టరుగారు ఏమీ చేయలేరు. స్టెరాయిడ్ ఉన్నదైతే ఎలా మానాలో వారే చెబుతారు, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.