ఖాతాల తనిఖీ: పారదర్శకత ఎంత, గోప్యత ఎంత?

ఎందుకు చదవాలి?

గోప్యత హక్కు అనగానే గ్రూప్-1, సివిల్స్ అభ్యర్థులు పుట్టస్వామి తీర్పు, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రాసేసి ముగిస్తారు. ఆ రెండూ అందరూ రాసేవే. సూత్రం ఆచరణలో ఎలా నడుస్తుందో చూపే ఉదాహరణ ఒకటి జోడిస్తే జవాబుకు బలం వస్తుంది. స్వచ్ఛంద కార్యకర్తలే పోలీసులు, స్వచ్ఛంద కార్యకర్తలే న్యాయమూర్తులు అయిన వికీపీడియా అందుకు బాగా పనికొస్తుంది.

నేపథ్యం

2015 ఆగస్టు 31న ఇంగ్లిష్ వికీపీడియా 381 ఖాతాలను నిరోధించినట్లు వెల్లడైంది. వాటి వెనుక ఉన్న, 'ఆరెంజ్‌మూడీ'గా పేరుపడిన ముఠా పని తీరు చూడండి. చిన్న వ్యాపారులు, కళాకారుల గురించి రాసి తిరస్కరణకు గురైన వ్యాసాలను ముందు వెతికి పట్టుకునేవారు. తర్వాత ఆ వ్యాపారులనే సంప్రదించి, డబ్బిస్తే వ్యాసం వచ్చేలా చూస్తామనేవారు. వ్యాసం వచ్చాక అది తొలగిపోకుండా 'కాపాడేందుకు' నెలనెలా మామూళ్లు! ఒకే ముఠా ఇన్ని పేర్లతో తిరుగుతోందని తేల్చడంలో కీలకమైనది 'చెక్‌యూజర్' అనే సాధనం.

చెక్‌యూజర్ ఏం చూస్తుంది?

ఒక ఖాతా ఏ ఐపీ చిరునామాల నుంచి, ఏ రకం బ్రౌజర్‌తో, ఎలాంటి పరికరంతో పనిచేసిందో చూపిస్తుంది. ఈ సమాచారం సుమారు 90 రోజులే ఉంటుంది, ఆ తర్వాత చెరిగిపోతుంది. దీన్ని చూసే అధికారం మామూలు నిర్వాహకులకు ఉండదు. గోప్యతా ఒప్పందంపై సంతకం చేసిన కొద్దిమంది చెక్‌యూజర్లకే ఉంటుంది. అనుమానానికి ఆధారం చూపకుండా 'ఓసారి చూడండి' అంటే కుదరదు.

సాధనం చేతిలో ఉన్నంత మాత్రాన నిజం దొరికిపోదు. విజయవాడలో ఓ కాలేజీ ల్యాబ్‌లో వికీ శిక్షణ జరిగిందనుకుందాం. పిల్లలందరి దిద్దుబాట్లూ ఒకే ఐపీ నుంచి వస్తాయి. మన మొబైల్ నెట్‌వర్క్‌లలోనూ ఒకే చిరునామాను ఎంతోమంది పంచుకుంటారు. అందుకే సాంకేతిక సాక్ష్యాన్ని ప్రవర్తనతో కలిపి చూస్తారు: రెండు ఖాతాల్లోనూ అదే అక్షరదోషం, దిద్దుబాటు సారాంశంలో అదే మాట, వివాదం రాగానే ఒకరి వెనుక ఒకరు రావడం. చివరకు బయటికి చెప్పేది 'నిర్ధారితం', 'అవకాశం ఉంది', 'సంబంధం లేదు' వంటి తీర్పు మాత్రమే. ఐపీ చిరునామాను సాధారణంగా బయటపెట్టరు.

తనిఖీ చేసేవారిని ఎవరు చూస్తారు?

అసలు విషయం ఇక్కడుంది. ప్రతి తనిఖీ లాగ్‌లోకి ఎక్కుతుంది: ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఏ కారణంతో. ఒక వికీలో చెక్‌యూజర్లు ఉంటే కనీసం ఇద్దరు ఉండాలి, ఒకరి పని మరొకరు చూడాలి కాబట్టి. సొంత చెక్‌యూజర్లు లేని వికీల్లో, అన్ని వికీల బాధ్యత చూసే స్టీవార్డులు అనే స్వచ్ఛంద సభ్యులు ఆ పని చేస్తారు. ఫిర్యాదులను విచారించేందుకు అంబుడ్స్ కమిషన్ ఉంది. సభ్యులపై ఒత్తిడి తెచ్చేందుకు, రాజకీయ నియంత్రణకు ఈ సాధనాన్ని వాడటం విధానపరంగా నిషేధం.

ఇంత పకడ్బందీగా ఉన్నా ఒక లోటుంది. ఆ లాగ్ తోటి చెక్‌యూజర్ల వంటి కొద్దిమందికే కనబడుతుంది. తనిఖీకి గురైన వ్యక్తికి చెప్పి తీరాలన్న నిబంధన లేదు. చెబితే దొంగ ఖాతాలవాళ్లు పద్ధతి మార్చేస్తారన్నది వాదన. విచారణ నడుస్తున్నంత కాలం అది సబబే. ఏమీ దొరక్క, డేటా కూడా చెరిగిపోయాక అయినా చెప్పకపోవడానికి కారణం కనబడదు. మన దేశంలో 2009 నాటి సమాచార అడ్డగింపు నియమాలదీ ఇదే వరస: సమీక్షా కమిటీ కనీసం రెండు నెలలకోసారి కూర్చోవాలి, కానీ నిఘాకు గురైన పౌరుడికి తెలియజేయాలన్న నియమం లేదు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో ఆధారాలను ధ్వంసం చేశారన్న ఆరోపణ ఎందుకంత తీవ్రమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. నిఘా మీద నిఘా పెట్టే రికార్డు అదొక్కటే మరి.

కోర్టు అడిగితే?

2024లో ఏఎన్ఐ వార్తాసంస్థ, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌పై దిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. ఏఎన్ఐ గురించిన వికీ పేజీలో దిద్దుబాట్లు చేసిన ముగ్గురు సభ్యుల వివరాలు ఇవ్వాలని ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆదేశించింది. నవంబరులో ద్విసభ్య ధర్మాసనం ఎదుట రాజీ మార్గం కుదిరింది. సమన్లను ఫౌండేషనే సభ్యులకు అందజేయాలి, వారి వివరాలు కోర్టుకు సీల్డ్ కవర్‌లో ఇవ్వాలి. ఈ కేసు గురించిన వికీ పేజీని తొలగించాలన్న హైకోర్టు ఆదేశాన్ని మాత్రం సుప్రీంకోర్టు 2025 మే 9న కొట్టేసింది. సీల్డ్ కవర్ గోప్యతను కొంత కాపాడింది, నిజమే. అయితే రాసేవారి మనసులో మొదటి ఆదేశం పుట్టించిన భయం అంత తేలిగ్గా పోదు.

చట్టాల కోణం

పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. చట్టబద్ధత, న్యాయమైన ప్రయోజనం, అనుపాతత అనే పరీక్షలు గుర్తుంచుకోండి. 2021 ఐటీ నియమాల్లోని 4(8) ప్రకారం 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న సామాజిక మాధ్యమ సంస్థ తనంతట తాను ఏదైనా తొలగిస్తే ముందుగా కారణం చెప్పాలి, అభ్యంతరానికి అవకాశమివ్వాలి. అదే నియమాల్లో, ఖాతా రద్దయ్యాక కూడా నమోదు వివరాలను 180 రోజులు దాచాలని ఉంది. వికీ తనంతట తాను పెట్టుకున్న 90 రోజుల గడువు పక్కన దీన్ని ఉంచి చూడండి.

సాధన ప్రశ్న

'ఆన్‌లైన్ వేదికల్లో ఖాతాల విచారణకు గురైన వ్యక్తికి ఆ సంగతి తెలియజేయడం తప్పనిసరి చేయాలా? పుట్టస్వామి తీర్పులోని పరీక్షల ఆధారంగా చర్చించండి.' (250 పదాలు) జవాబులో అనుపాతత దగ్గర ఎక్కువసేపు ఆగండి. తెలియజేసే సమయం విచారణకు ముందా, తర్వాతా అన్నది విడదీసి రాయండి.