గవాక్షమును దాని చట్రమును



గడచిన వేసవి సెలవులకు ముందు మా కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఈ సంచికకొఱకు రెండు గంటలు కూర్చుండి తెలుగులో నొక వ్యాసమును టైపు చేసెను. దానిని దాచబోగా తెరపై నొక పెట్టె తెరచుకొనెను గాని, “భద్రపరచు” అను మీట ఎచ్చటను కానరాదయ్యెను. పెట్టె తెరకన్న పొడవై, దాని అడుగుభాగము తెర అంచునకు క్రిందుగా పోయియుండెను. బాలుడు దిక్కుతోచక యంత్రమునే ఆర్పివేసెను. వ్యాసము పోయెను. తప్పు బాలునిది కాదు. మఱి యెవరిదని విచారింపగా తెలిసిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాము.

మార్కాపురపు పిల్లలకు పలకను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఱాయి వేఱు, దాని చుట్టునుండు కొయ్యచట్రము వేఱు. కంప్యూటరు తెరపైనుండు విండో, అనగా గవాక్షము, అట్టిదే. లోపలి భాగము మనము వాడుకొను ప్రోగ్రామునది. పైనుండు పేరుపట్టీయు, చుట్టునుండు అంచులును సాధారణముగ విండో మేనేజరు అను వేఱొక ప్రోగ్రామునవి. లినక్సు యంత్రములలో చిరకాలముగ వాడబడిన ఎక్స్ విండో పద్ధతిలో ఈ విభజన స్పష్టముగ కనబడును. దీనిని 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెట్టిస్ అనువారు ఆరంభించిరి. గవాక్షములు ఎట్లుండవలెనో తాము శాసింపక, అందులకు వలయు సాధనములను మాత్రమే సమకూర్చుట వారి నియమము.

ప్రోగ్రాము తనకు ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, ఫలాని చోటు కావలెనని సర్వరునకు విన్నవించుకొనును. మేనేజరు లేనియెడల సర్వరు అట్లే చేసివేయును. ఉన్నయెడల ఆ విన్నపమును మేనేజరునకు పంపును. ఈ అధికారము ఒక సమయమున ఒక్కనికే చెల్లును. రెండవ మేనేజరు వచ్చి అడిగినచో సర్వరు నిరాకరించును. మేనేజరు విన్నపమును అంగీకరింపవచ్చును, మార్పవచ్చును, త్రోసివేయనువచ్చును. త్రోసివేసినను, “నీవు తెరపై ఇచ్చట, ఇంత పరిమాణమున ఉన్నావు” అని ప్రోగ్రామునకు తెలుపవలెను. ఏలయనగా చట్రమున బిగింపబడిన పలక చట్రములో తన చోటు నెఱుగునే గాని, ఆ చట్రము బల్లపై ఎచ్చటనున్నదో యెఱుగదు.

ఈ మర్యాదలను డేవిడ్ రోజెంథాల్ 1988లో కూర్పగా, మొదటి ప్రతి 1989లో వెలువడెను. అందు “సూచనలు” అను భాగము మాకు మిక్కిలి నచ్చినది. ప్రోగ్రాము తన కనిష్ఠ పరిమాణమును, గరిష్ఠ పరిమాణమును, ఏ మెట్టున పెరుగవలెనో దానిని ముందుగనే చెప్పుకొనును. ఎక్స్‌టెర్మ్ అనునది మామూలుగ 80 అక్షరముల వెడల్పు, 24 పంక్తుల ఎత్తు గలది; దాని మూలను లాగినచో నిండక్షరము చొప్పున పెరుగును గాని అరయక్షరము పెరుగదు. చోటును కోరినది మనుష్యుడా, ప్రోగ్రామా అని తెలుపుటకు వేర్వేరు గుర్తులు సహితము కలవు. మనుష్యుని కోరికనే మేనేజరు ఎక్కువగ మన్నింపవలెను. ఇది న్యాయమే గదా!

ఇక బాలుని పెట్టె సంగతి. మా తెర ఎత్తు 768 చుక్కలు. పెట్టె తన కనిష్ఠమే 820 అని చెప్పుకొనెను. సూచన ఆజ్ఞ కాదు గనుక మేనేజరు దానిని కాదనవచ్చును. మా మేనేజరు కాదనలేదు. మిగిలిన 52 చుక్కలలోనే ఆ మీట యుండెను. విచిత్రమేమనగా, అదే పెట్టెను ఇంగ్లీషులో తెరచి చూడగా తెరలో చక్కగ నిమిడెను! “రాష్ట్రము,” “స్త్రీ” అను మాటలను వ్రాసి చూడుడు. మన అక్షరములకు క్రింద ఒత్తులు, వానిక్రింద మఱల ఒత్తులు. పంక్తికి ఎత్తు ఎక్కువ కావలెను. పంక్తులు పది పదునైదు చేరునప్పటికి పెట్టె తెరను దాటెను. అక్షరములను కొలువక ఎత్తును బిగించు ప్రోగ్రాములును కలవు; అవి ఒత్తులనే కోసివేయును. కొలిచి అడుగుటయే మేలు. అయితే అడుగువారు కనిష్ఠమును తక్కువగ చెప్పి, మిగిలినదానిని పైకి క్రిందికి జరుపుకొని చదువునట్లు ఏర్పఱుపవలసియుండెను.

2008లో క్రిస్టియన్ హాగ్స్‌బెర్గ్ ఆరంభించిన వేలాండ్ పద్ధతిలో మామూలు గవాక్షము చోటును కోరుటయే లేదు, తానెచ్చటనున్నదియు దానికి తెలియదు. పరిమాణమును ఆవలివారు సూచింతురు. ప్రోగ్రాము అందినదని జవాబిచ్చి, తగినట్లు గీచుకొనును. కనిష్ఠమును చెప్పుకొను హక్కు మాత్రము అచ్చటను కలదు గనుక, మన చిక్కు పూర్తిగ తీరలేదు.

మీకు ఇట్టిది తటస్థించినచో యంత్రమును ఆర్పకుడు. అనేక మేనేజరులలో ఆల్ట్ మీటను, కొన్నింట సూపర్ మీటను అదిమిపట్టి, గవాక్షమును నడుమ పట్టుకొని మౌసుతో పైకి లాగవచ్చును. పేరుపట్టీ తెర పైయంచును దాటిపోయి, అడుగునున్న మీట కనబడును. ఆ బాలునకు దీనిని నేర్పితిమి. అతడు వ్యాసమును మఱల టైపు చేసి, ఈసారి మొదటి పేరా కాగానే భద్రపఱచెను.