కత్తికి పదును – ఇహ్‌సాన్‌లో ఒక పాఠం

బక్రీద్ దగ్గర పడుతోందంటే మన ఇళ్ళల్లో సందడి మొదలవుతుంది. పొట్టేలును ఎంచుకునేటప్పుడు దాని పళ్ళు చూస్తాం, కళ్ళు చూస్తాం, కుంటుతుందేమోనని నడిపించి చూస్తాం. లోపమున్న జంతువు ఖుర్బానీకి పనికిరాదని మనకు తెలుసు. కాని కత్తిలో లోపముందేమో చూసేవారు ఎంతమంది? నిరుడు కడిగి అటక మీద పెట్టిన కత్తిని పండుగ నమాజు అయ్యాక దించి, గడప రాయి మీద నాలుగుసార్లు రుద్ది, అదే పదును అనుకుంటాం.

నా చిన్నతనంలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఒక బక్రీద్ నాడు కత్తి తెగలేదు. ఒక్క కోతతో కావలసిన పని ఎన్నో కోతలు పట్టింది. మా దాదా ఆ రోజు మాంసం ముట్టలేదు. “జంతువులో లోపం వెతికాం, మనలో లోపం వెతకలేదు” అని మాత్రం అన్నారు. మరుసటి ఏడు పండుగకు వారం ముందే ఆయన సానరాయి కొని తెచ్చారు. ఈ పాఠం ఆ రాయి గురించే.

హదీసుల వెలుగులో

హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ప్రఖ్యాత హదీసు ‘సహీహ్ ముస్లిం’లో ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే పనిని ఉత్తమమైన రీతిలో చేయడాన్ని విధించాడని దైవప్రవక్త (స) అందులో తెలియజేశారు. జిబహ్ చేసేటప్పుడు కూడా ఉత్తమ రీతిలో చేయాలని, కత్తికి బాగా పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని ఆదేశించారు. గమనించండి, ప్రతి విషయానికీ వర్తించే ఇంత పెద్ద సూత్రానికి ఆయన (స) ఇచ్చిన ఉదాహరణ కత్తి పదును!

రెండో హదీసు హజ్రత్ ఆయిషా (రజి) గారిది. ఇదీ ‘సహీహ్ ముస్లిం’లోనిదే. దైవప్రవక్త (స) ఖుర్బానీ కోసం కొమ్ములున్న పొట్టేలును తెప్పించారు. దాని కాళ్ళు, పొట్ట, కళ్ళ చుట్టూ నలుపు. తర్వాత ఆయిషా (రజి) గారిని కత్తి తెమ్మన్నారు, దాన్ని రాతితో పదును పెట్టమన్నారు. ఆమె అలాగే చేశారు. ఆ తర్వాతే ఆయన (స) కత్తి అందుకుని, పొట్టేలును పడుకోబెట్టి, అల్లాహ్ నామం స్మరించి జిబహ్ చేశారు. అంటే విశ్వాసుల మాతృమూర్తి చేత్తో సానరాయి పట్టారన్నమాట. ఈ పని కసాయివారిదే, మనది కాదనుకునే ఇల్లాళ్ళూ, మగవారూ ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

మొండి కత్తితో కీడు

పదునైన అంచు చర్మాన్ని, రక్తనాళాలను తేలికగా కోసుకుంటూ పోతుంది. మొండి అంచు కోయదు, నలుపుతుంది, చీలుస్తుంది. జిబహ్‌లో శ్వాసనాళం, అన్ననాళం, మెడకు రెండు వైపులా ఉన్న పెద్ద రక్తనాళాలు వెంటనే తెగాలి. అప్పుడే రక్తం వేగంగా పోయి జంతువు త్వరగా స్పృహ కోల్పోతుంది. కత్తి మొండిదైతే ఆ కొన్ని క్షణాలూ సాగిపోతాయి.

వంటింట్లోనూ అంతే. మొండి కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. టమాటా తొక్క మీద జారిన కత్తి వేలి మీదికి వస్తుంది. పదునైన కత్తి మనం పెట్టిన చోటే దిగుతుంది. అందుకే మొండి కత్తే ఎక్కువ ప్రమాదకరం.

రాయిని ఎంచుకోవడం

హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే నల్లని లేదా బూడిద రంగు రాయిని చాలామంది కార్బొరండం రాయి అంటారు. దాని అసలు పదార్థం సిలికాన్ కార్బైడ్. ఉక్కు కన్నా ఎంతో గట్టిది. సాధారణంగా ఒక వైపు గరుకుగా, మరో వైపు నున్నగా ఉంటుంది. చాలా ఇళ్ళకు ఇది చాలు.

రాయి గరుకుదనాన్ని ‘గ్రిట్’ అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగిన కొద్దీ రాయి నునుపు. 200 నుంచి 400 వరకు గరుకు రాయి, అంచు విరిగినా, పూర్తిగా మొండిబారినా వాడాలి. 800 నుంచి 1000 వరకు మధ్యరకం, ఇంటి కత్తికి నిత్యం ఇదే. 3000 పైబడినవి అంచుకు నునుపు తెచ్చేవి. ఒక్క రాయే కొనగలిగితే 1000 దగ్గరిది కొనండి. అంచు మరీ పాడైన కత్తి ఉంటే రెండు వైపుల రాయి మేలు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. పొడవు జానెడుకు తగ్గకూడదు, చిన్న రాయి మీద కత్తి నిలకడగా ఉండదు. మీద గుంటలు, పగుళ్ళు ఉండకూడదు. నీటితో వాడాలా, నూనెతో వాడాలా అన్నది అడిగి తెలుసుకోండి. ఒకసారి నూనె పోసిన రాయి నీటిని సరిగా పీల్చదు. కనుక మొదటి నుంచీ ఒక్కదానికే కట్టుబడి ఉండాలి.

పదును పెట్టే విధానం

1. రాయి నీటిని పీల్చే రకమైతే పది, పదిహేను నిమిషాలు నీళ్ళల్లో ఉంచండి. బుడగలు రావడం ఆగితే తడిసినట్టే. పీల్చని రకమైతే మీద నీళ్ళు చల్లితే చాలు.

2. తడి గుడ్డ పరచి దాని మీద రాయిని పెట్టండి. కదిలే రాయి మీద కత్తి పెట్టకండి.

3. కత్తి అంచును రాయికి ఆనించి, వీపు వైపును కొద్దిగా లేపండి. ఎంత లేపాలి? కత్తి వెడల్పులో మూడో వంతు లేపితే కోణం సుమారు 20 డిగ్రీలు అవుతుంది. వెడల్పు 45 మిల్లీమీటర్లైతే 15 మిల్లీమీటర్లు లేపాలి. కూరగాయల చాకుకు నాలుగో వంతు సరిపోతుంది, అది దాదాపు 15 డిగ్రీలు. జిబహ్ కత్తికి, మాంసం కత్తికి మూడో వంతే మేలు, అంచు త్వరగా మడత పడదు.

4. ఆ కోణం మారకుండా మడమ నుంచి మొన దాకా రాయి పొడవునా కత్తిని నడపండి. బలంగా అదమకండి. కొత్తవారు అంచుకు స్కెచ్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు దాకా పోతే కోణం సరైనదే. పైన మాత్రమే పోతే వీపును ఇంకొంచెం లేపాలి.

5. ఒక వైపు రుద్దుతూ ఉంటే అవతలి వైపు అంచు మీద వెంట్రుకంత సన్నని లోహపు పొర లేస్తుంది. వేలిని వీపు నుంచి అంచు వైపు జరిపితే గరగరమని తగులుతుంది. అంచు వెంబడి మాత్రం వేలు జరపకండి, తెగుతుంది. మడమ నుంచి మొన వరకు అంతటా ఆ పొర తగిలాకే కత్తి తిప్పి రెండో వైపు మొదలుపెట్టాలి. ఇన్నిసార్లు రుద్దాలన్న లెక్క లేదు, ఈ పొరే లెక్క.

6. చివరగా ఒక్కోసారి ఒక్కో వైపు చొప్పున, చాలా తేలికగా రుద్దుతూ ఆ పొరను తీసేయండి. పాత తోలు బెల్టు మీద, అంచు వెనక ఉండేలా లాగితే మిగిలింది పోతుంది. పొర తీయని కత్తి మొదట తెగుతుంది, కాసేపటికే మొండిబారుతుంది.

7. నల్లని నీటిని కడిగి, కత్తిని తుడిచి ఆరబెట్టండి. కాగితాన్ని గాలిలో పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా మడమ నుంచి మొన దాకా తెగితే పని పూర్తయినట్టే.

కత్తిపీటకైతే పద్ధతి తిరగబడుతుంది. అక్కడ అంచు కదలదు కనుక చిన్న రాయిని అదే కోణంలో అంచు మీద నడపాలి.

తరచూ జరిగే పొరపాట్లు

గడప మీద, సిమెంటు మెట్టు మీద రుద్దితే అంచు నొక్కులు పడుతుంది. వేగంగా తిరిగే పొడి సానచక్రం మీద ఎక్కువసేపు పట్టిస్తే అంచు వేడెక్కుతుంది. నీలి రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. కసాయివారి నున్నని ఉక్కు కడ్డీ పక్కకు వాలిన అంచును నిలబెడుతుంది తప్ప కొత్త పదును పుట్టించదు. వాడగా వాడగా రాయి మధ్యలో గుంట పడుతుంది. అద్దం పలక మీద నీటి సాండ్ పేపర్ పరచి, రాయిని దాని మీద రుద్ది చదును చేయాలి. ఎముకలు కొట్టడానికి బరువైన కత్తి వేరుగా ఉంచాలి. స్టీలు పళ్ళెంలో, బండ మీద కోయక చెక్క మీద కోస్తే పదును నిలుస్తుంది.

ఖుర్బానీ రోజున

పదును పెట్టడం ముందురోజే ముగించండి. ఒక వ్యక్తి మేకను పడుకోబెట్టి దాని ముందే కత్తి నూరుతుంటే దైవప్రవక్త (స) అభ్యంతరం చెప్పారని, దాన్ని ఒకటికి మించి సార్లు చంపదలచావా అన్న భావంలో మందలించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. పడుకోబెట్టక ముందే నూరుకోవలసిందని ఆయన (స) భావం.

జిబహ్ కత్తి మెడ వెడల్పుకు రెండింతలైనా పొడవుండాలి, అంచు మీద నొక్కులు ఉండకూడదు. ఒక జంతువు తర్వాత మరొకటి ఉంటే మధ్యలో అంచును పరీక్షించండి. మొద్దుబారితే జంతువుల కంటికి దూరంగా వెళ్ళి సరిచేసుకోండి.

మస్జిద్‌లో, బజారులో బాణాలతో వెళ్ళేవారు ఎవరికీ గాయం కాకుండా వాటి ములుకులను పట్టుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. పండుగ నాడు పిల్లలు తిరిగే వీధుల్లో విప్పిన కత్తితో నడిచేవారికి ఇందులో పాఠముంది. కత్తిని మందపాటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. ఇతరులకు ఇచ్చేటప్పుడు పిడి వైపు అందించండి.

ఆచరణకు

సోదర సోదరీమణులారా! అల్లాహ్‌కు ఆ మాంసమూ, రక్తమూ చేరవని, చేరేది మన భయభక్తులేనని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆ భయభక్తులు మాటల్లోనే కాదు, మన కత్తి అంచులోనూ కనిపించాలి. ఈ శుక్రవారం జుమా నమాజు తర్వాత ఒక అరగంట కేటాయించండి. ఇంట్లోని కత్తులన్నీ బయటికి తీసి కాగితంతో పరీక్షించండి. పెద్ద పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని రాయి పట్టడం నేర్పండి. ఎందుకు పదును పెడుతున్నామో కూడా చెప్పండి.

నోరు లేని జీవి విషయంలో సైతం ఉత్తమంగా మసలుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.