కాంటెంపరరీలో తొలి పరీక్షకు ముందు

చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుని, ఆ తర్వాత కాంటెంపరరీ నాట్యం వైపు వచ్చినవాణ్ణి. హైదరాబాదులో పిల్లల్ని తొలి పరీక్షకు తయారుచేస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఆ పరీక్షలో మొదట టెక్నిక్ అభ్యాసాలు ఉంటాయి, తర్వాత రెండు మూడు నిమిషాల సోలో. పిల్లలంతా సోలో గురించే బెంగపడతారు. గట్టెక్కించేది మాత్రం టెక్నిక్కే.

1. నిలబడటం వచ్చాకే కదలాలి.

కూచిపూడి నేర్చుకుని వచ్చిన పిల్లల పాదాలు వాటంతటవే పక్కలకు తిరుగుతాయి. మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే అరమండి అలవాటు అది. ఇక్కడ మాత్రం రెండు పాదాలూ తుంటి వెడల్పున, వేళ్లు తిన్నగా ముందుకు చూస్తూ నిలవాలి. బొటనవేలి మొదట్లో, చిటికెనవేలి మొదట్లో, మడమలో బరువు సమంగా ఉందో లేదో కళ్లు మూసుకుని చూసుకోండి. మోకాళ్లు వంచితే అవి రెండో కాలివేలి మీదుగా ముందుకు వెళ్లాలి, లోపలికి వాలకూడదు. తొలినాళ్లలో పిల్లలకు విసుగొస్తుందని ఈ పాఠాన్ని త్వరగా దాటించేసేవాణ్ణి. వాళ్లకు ఎగరడం వచ్చింది గానీ, చప్పుడు లేకుండా దిగడం రాలేదు.

2. పడటం కూడా విద్యే.

అమెరికా నాట్యకర్త డోరిస్ హంఫ్రీ తన పద్ధతినంతా పడటం, తిరిగి లేవడం అనే రెండింటి మీదే కట్టింది. ఆమె శిష్యుడు హోసే లిమోన్ 1946లో సొంత బృందం పెట్టి, దానికి ఆమెనే కళా దర్శకురాలిగా ఉంచుకున్నాడు. నేటికీ ఎన్నో చోట్ల తొలి పాఠాల్లో వినిపించే ‘బరువు వదలండి’ అన్న మాట వెనక ఆ ఇద్దరి కృషీ ఉంది.

వదలడమంటే కూలబడటం కాదు. ముందు ఊపిరి వదలాలి. మోకాళ్లు, తుంటి మడుస్తూ వీలైనంత కిందికి దిగాలి. నేలను మొదట తాకేది కండ ఉన్న చోటు కావాలి: పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, ఆ తర్వాత వీపు. మోకాలి చిప్ప, మోచేయి, తోక ఎముక నేలకు కొట్టుకోకూడదు. చేయి చాచి ఆపుకోబోతే మణికట్టుకు ప్రమాదం.

ఒకసారి పరీక్ష దగ్గర పడిందని, పడటం సరిగా రాని అమ్మాయికి సోలోలో మూడు చోట్ల నేల మీది కదలికలు పెట్టాను. చూడటానికి బాగున్నాయన్నదే నా ఆలోచన. మోకాలు వాచి, ఆ ఏడు తను పరీక్షకు వెళ్లలేదు. “పర్లేదు మాస్టారూ” అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. దయచేసి మీ గురువును అడగండి: ఈ కదలికకు నా ఒళ్లు సిద్ధంగా ఉందా అని. అలా అడగడం అమర్యాద కాదు.

3. ఊపిరి బిగబడితే ఒళ్లు బిగుసుకుంటుంది.

1926లో తన బృందాన్ని మొదలుపెట్టిన మార్తా గ్రాహం, ఊపిరి తీసి వదలడంలో నుంచే కాంట్రాక్షన్, రిలీజ్ అనే రెండు కదలికలను తీర్చిదిద్దింది. కొత్తవాళ్లు కాంట్రాక్షన్ అనగానే భుజాలు ముందుకు వంచి గూనిగా నిలబడతారు. అది పొత్తికడుపులో పుట్టాలి. ఊపిరి వదులుతుంటే కటి లోపలికి తిరిగి, నడుము వెనక్కి గుండ్రంగా సాగాలి. భుజాలు తుంటికి ఎగువనే ఉండాలి. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

4. కుడివైపు వచ్చిందంటే సగమే వచ్చినట్టు.

పరీక్షకులు “రెండో వైపు” అనగానే తడబడే పిల్లల్ని ఎందరినో చూశాను. సాధన ఎడమవైపుతో మొదలుపెట్టండి.

5. మీ ఒంటికి తెలిసినదాన్ని దాచుకోకండి.

కూచిపూడి వాసన కనిపిస్తే మార్కులు పోతాయని భయపడే పిల్లలున్నారు. నాట్యకర్త చంద్రలేఖ కూడా భరతనాట్యం నేర్చిన మనిషే. 1985లో ఆమె చేసిన ‘ఆంగిక’ నృత్యంలో భరతనాట్యంతో పాటు యోగా, కలరిపయట్టు కూడా ఉన్నాయి. భారతీయ కాంటెంపరరీకి ఆమె వేసిన దారి అది. మీ చూపులోని స్పష్టత, లయజ్ఞానం మీ ఆస్తి. వదిలించుకోవలసింది అన్ని భావాలకూ ఒకే చిరునవ్వు తగిలించే అలవాటునే.

సోలోలో విన్యాసాలు తగ్గించి, ఉన్నవాటిని పూర్తిగా చేయండి. చివరి వారంలో కొత్తది ఏదీ కలపకండి. పరీక్ష గదిలో ఒక అడుగు తప్పినా ఆగకండి, ముఖం చిట్లించకండి. మీ కోసం కూర్చిన సోలోలో తర్వాతి అడుగేమిటో పరీక్షకులకు ముందుగా తెలియదు.