మా కొండ చేనులో ఏ పంట వెయ్యాలి?
(సైన్సు, లెక్కలు, సాంఘికం కలిపిన పాఠం)

నేను 9వ తరగతి చదువుతున్నాను. ఈ నెల మన గోడపత్రికకు వ్యవసాయ పరిశోధన గురించి రాస్తున్నాను. పరిశోధన అంటే పెద్ద పెద్ద గదుల్లో జరిగేదని మనం అనుకుంటాం. మన్నును, వానను, పంటను, ఇంటిని జాగ్రత్తగా చూసి, కొలిచి, రాసి పెట్టుకోవడం కూడా పరిశోధనే అని మా సైన్సు సారు చెప్పారు.

ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో ఇప్పుడు ఒక మాట నడుస్తా ఉంది. మాకు ఒక ఎకరం కొండ చేను ఉంది. అందులో చోళ్ళు, సామలు, కందులు, వలిసెలు వేస్తాం. ఈ ఏడు మొత్తం అల్లం వేద్దామని మా అయ్య, చిన్నాన్న అంటున్నారు. అల్లం అమ్మితే ఒక్కసారే డబ్బులు చేతికి వస్తాయి. నా చదువుకి, మా చెల్లి మందులకి డబ్బు కావాలి కదా. మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. “సామలు పోతే కొర్రకొత్త పండక్కి ఏటి వండతాం?” అని అడిగింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాబట్టి ఎవరి మాట గొప్ప అని కాకుండా, చేనుకి ఏది మంచిది అని నేను చదివి తెలుసుకున్నది కింద రాస్తున్నాను.

1. మన మన్ను

మన ఏజెన్సీ కొండల మీద ఎక్కువగా ఎర్ర నేలలు ఉన్నాయి. ఇక్కడ ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఎక్కువ వాన పడే చోట నీళ్ళు మన్నులోని సున్నం వంటి పోషకాలను కరిగించి పట్టుకుపోతాయి. అందువల్ల మన్ను పుల్లబడుతుంది, అంటే ఆమ్ల గుణం వస్తుంది. దీన్ని పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారు. 7 అయితే మధ్యస్థం, 7 కంటే తక్కువైతే ఆమ్ల నేల.

మన పెద్దలు పోడు కొట్టి కాల్చినప్పుడు బూడిద మన్నులో కలిసేది. బూడిదలో పొటాషు, సున్నం ఉంటాయి. అవి మన్ను పులుపును తగ్గిస్తాయి. అందుకే మొదటి ఏడు పంట బాగా వచ్చేది. రెండు మూడేళ్ళు పండించి ఆ జాగాను చాలా ఏళ్ళు వదిలేసేవారు. చెట్లు మళ్ళీ లేచేవి, ఆకు రాలి మన్ను బాగుపడేది. ఇప్పుడు జనం పెరిగారు, జాగా పెరగలేదు. చేనుకి విశ్రాంతి లేదు. విశ్రాంతి లేకుండానే మన్నును కాపాడుకోవడం ఎలా అన్నదే ఇప్పటి ప్రశ్న.

2. మన్ను ఎంత పోతుంది? – ఒక లెక్క

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక్క గంటలో 10 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. ఒక చదరపు మీటరు మీద 10 లీటర్లు పడినట్టు. అంటే ఎకరం మీద 40,000 లీటర్లకు పైన! నేల ఖాళీగా, వాలుగా ఉంటే ఈ నీళ్ళలో చాలా భాగం ఇంకకుండా కిందికి పరిగెడతాయి. గెడ్డ ఎర్రగా పారేది అందుకే. ఆ ఎరుపు మన చేనే.

ఇంకో లెక్క. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మన్ను పోతే సుమారు 4 ఘనపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర 5 టన్నులు. తట్టకు 25 కిలోలు అనుకుంటే 200 తట్టలు. మా అమ్మ రోజుకి 20 తట్టలు మోసినా తిరిగి పైకి ఎక్కించడానికి పది రోజులు పడుతుంది. అదీ ఒక్క మిల్లీమీటరుకే. ఒక అంగుళం మన్ను తయారవ్వడానికి ప్రకృతికి వందల ఏళ్ళు పడుతుంది.

చేసి చూడండి: రెండు పాత రేకు పళ్ళేలలో మన్ను పొయ్యండి. ఒకదాన్లో గడ్డితో సహా పెళ్ళ పెట్టండి, రెండోది ఖాళీగా ఉంచండి. రెండూ వాలుగా పెట్టి ఒకేలా నీళ్ళు చల్లండి. మేము బోరింగు దగ్గర చేసి చూశాం. గడ్డి ఉన్న పళ్ళెంలోంచి దాదాపు తేట నీళ్ళు వచ్చాయి. ఖాళీ పళ్ళెంలోంచి టీ రంగు నీళ్ళు వచ్చాయి.

3. కలిపి వేసే పంటలు

మా అవ్వ చోళ్ళ మధ్య కంది ఎందుకు వేస్తదో ఆవిడ పుస్తకంలో చదవలేదు. పుస్తకంలో ఉన్న కారణాలు ఇవి.

(అ) చోడి వేళ్ళు పైపైన గుబురుగా ఉండి మన్నును పట్టుకుంటాయి. కంది వేరు లోతుకి దిగి అడుగు తడిని తీసుకుంటుంది. అందుకని రెండూ ఎక్కువగా కొట్టుకోవు.

(ఆ) కంది వేళ్ళ మీద చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో రైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని ఇవి మొక్కకు పనికొచ్చేటట్టు మారుస్తాయి. పూత దశలో ఒక కంది మొక్కను మెల్లగా తవ్వి బుడిపెను గోరుతో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తున్నట్టు.

(ఇ) ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. సామలు ముందే కోతకు వస్తాయి. తరవాత చోళ్ళు, ఆ తరవాత కందులు. ఇల్లు ఒక్క పంట మీదే ఆధారపడదు.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థను స్థాపించారు. అక్కడి శాస్త్రవేత్తలు జొన్న, కంది కలిపి వేసి ఎన్నో ఏళ్ళు పరీక్షించారు. కలిపి వేస్తే లాభమా అని తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఉదాహరణకు (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు), ఎకరంలో చోడి ఒక్కటే వేస్తే 8 బస్తాలు, కంది ఒక్కటే వేస్తే 4 బస్తాలు. రెండూ కలిపితే చోళ్ళు 6, కందులు 2 వచ్చాయి.

6/8 + 2/4 = 0.75 + 0.50 = 1.25

అంటే కలిపి వేసిన ఒక ఎకరం, విడివిడిగా వేసిన ఎకరంపావుతో సమానం. జవాబు 1 కంటే ఎక్కువ వస్తే లాభం, తక్కువ వస్తే నష్టం.

4. అల్లం సంగతి

డబ్బు పంట చెడ్డదని నేను అనడం లేదు. బస్సు ఛార్జీకి కందులు ఇస్తే కండక్టరు తీసుకోడు. అయితే అల్లం గురించి ఈ విషయాలు కూడా చూసుకోవాలి.

• ఎకరానికి 600 కిలోలకు పైగా విత్తన దుంపలు కావాలి. చోడికైతే నారు పోసుకోవడానికి రెండు మూడు కిలోలు చాలు, అదీ మన ఇంటి గాదెలోదే. దుంపలు అప్పు మీద తెచ్చుకుంటే పంట పోయినా అప్పు పోదు.
• నీళ్ళు నిలిస్తే దుంపకుళ్ళు తెగులు వస్తుంది. అది మన్నులోనూ, దుంపలోనూ ఉండిపోతుంది. అందుకే ఒకే జాగాలో వరసగా అల్లం వెయ్యకూడదు.
• ఏప్రిల్, మే నెలల్లో మన్ను గుల్ల చేసి నాటుతారు. నాటిన వెంటనే ఆకులు కప్పకపోతే, వాలు చేనులో తొలి వానలకే మన్ను జారిపోతుంది.

5. ఇంటిని కూడా లెక్క రాయాలి

పరిశోధకులు చేనును మాత్రమే చూస్తే సరిపోదు. ఇక్రిశాట్ వారు 1975లో కొన్ని పల్లెల్లో కుటుంబాల అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి అందులో ఒకటి. పరిశోధకులు ఊళ్ళోనే ఉండి ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఏమి పండింది, ఏమి అమ్మారు, ఏమి కొన్నారు అని రాసుకునేవారు.

నేనూ సంక్రాంతి సెలవుల్లో మా ఇంటిది రాశాను. విత్తనం దాచేది అవ్వ. కలుపు తీసేది అమ్మ, నేను, చెల్లి. దున్నేది అయ్య. సంతలో అమ్మేది చిన్నాన్న. రాశాక ఒక సంగతి తెలిసింది. సామలు, చోళ్ళు, కందులు ఉన్న నెలల్లో మేము కొట్లో కొనేది ఉప్పు, నూనె, సబ్బు వంటివే. చేనంతా అల్లం అయితే పప్పు కూడా కొనాలి. ఆ ఖర్చు అల్లం లాభంలోంచి తీసెయ్యాలి. ఆ లెక్క ముందు ఎవరూ వెయ్యలేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాముల దాకానే. మన వయసు పిల్లలకి రోజుకి సుమారు 1,000 మిల్లీగ్రాములు కావాలి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన అంబలిని లోకమంతా మెచ్చుకుంటా ఉంటే, మనం దాన్ని మానెయ్యడం ఏం బాగుంటుంది?

6. విత్తనం

ఇక్రిశాట్ విత్తన బ్యాంకులో లక్షా ఇరవై వేలకు పైగా రకాల విత్తనాలను చల్లని గదుల్లో దాచారు. మా అవ్వ బ్యాంకు పొయ్యి మీద వేలాడే బుర్ర. పొగ తగిలి పురుగు పట్టదు. కాని మన దగ్గర చల్లని గది లేదు కాబట్టి విత్తనం ఎన్నో ఏళ్ళు ఆగదు. వేస్తా ఉంటేనే ఉంటుంది. మా ఊళ్ళో ఈ రకం సామలు ఇప్పుడు మూడు ఇళ్ళలోనే ఉన్నాయి. మేము మానేస్తే రెండు.

7. నేను వేసిన పథకం

పక్క కాగితం మీద రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేశాను చూడండి. చేనును మూడు భాగాలు చేశాను.

పై భాగం: బాగా వాలు. సామలు, కంది. వాలుకి అడ్డంగా రాతి కట్టలు.
మధ్య భాగం: చోళ్ళు, కంది. వాలుకి అడ్డంగా సాళ్ళు. ఒక అంచున వలిసెలు.
కింది భాగం: వాలు తక్కువ. పావు ఎకరంలో అల్లం, ఎత్తు మడుల మీద, ఆకులు కప్పి. మరుసటి ఏడు అక్కడ వేరే పంట.

ఇది ఇంట్లో చూపించాను. చిన్నాన్న “పావు ఎకరం అల్లానికి ఏం మిగుల్తాది?” అన్నాడు. అయ్య ఏమీ అనలేదు, బొమ్మను మాత్రం చాలాసేపు చూశాడు. అమ్మ అంది, “పట్టాలో నా పేరు కూడా ఉంది, నన్ను కూడా అడగండి” అని. అది నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళైనవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలి. ముందు మన్ను పరీక్ష చేయిద్దాం, తరవాత చూద్దాం అని చివరికి అయ్య అన్నాడు. ఇంకా తేలలేదు.

8. మన్ను నమూనా తీసే పద్ధతి (మీ ఇంట్లో చెప్పండి)

1. చేనులో అడ్డదిడ్డంగా నడుస్తా 8 నుంచి 10 చోట్ల ఎంచుకోవాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట వద్దు.
2. పైన చెత్త తీసి, ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్లు (జానెడు కంటే తక్కువ) తవ్వాలి. పక్క నుంచి పైనుంచి కింది దాకా పలచగా మన్ను గియ్యాలి.
3. అంతా కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చెయ్యాలి. ఎదురెదురు రెండు తీసేసి మిగిలింది మళ్ళీ కలపాలి. అర కిలో మిగిలే దాకా ఇలాగే.
4. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో వేసి, పేరు, ఊరు, చేను వివరం రాసి వ్యవసాయ శాఖ వారికి ఇవ్వాలి.

భూసార పరీక్ష కార్డుల పథకం 2015లో మొదలయ్యింది. కార్డులో నత్రజని, భాస్వరం, పొటాషు, పి.హెచ్. మొదలైన 12 అంశాలు ఉంటాయి. మన ఇళ్ళలో చాలామందికి చదవడం రాదు. కార్డు వస్తే చదివి చెప్పవలసింది మనమే.

ప్రశ్నలు (జవాబులు రాసి ఈ పత్రిక కింద అంటించండి)

1. మీ ఊళ్ళో వేస్తున్న పంటల పేర్లు రాయండి. మీ అవ్వతాతల కాలంలో ఉండి ఇప్పుడు లేనివి ఏవి?
2. మీ ఇంట్లో విత్తనం దాచేది ఎవరు?
3. రెండు ఎకరాల్లో 2 మిల్లీమీటర్ల మన్ను పోతే ఎన్ని తట్టలు?

వార్డెను మేడంగారికి మనవి: హాస్టలు వెనక ఖాళీ జాగాలో రెండు చిన్న మడులు ఇప్పించండి. ఒకదాన్లో చోడి ఒక్కటే, రెండోదాన్లో చోడి, కంది కలిపి వేస్తాం. జూన్‌లో విత్తనం నేను మా ఇంటి నుంచి తెస్తాను. పండింది తూచి ఇదే గోడ మీద రాస్తాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని