చివరి పేజీలో పెన్సిల్ రాత

సికింద్రాబాద్,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి బుజ్జమ్మకు అత్తయ్య ఆశీస్సులు.

నీ నోటుబుక్కు మీ నాన్న తెచ్చి ఇచ్చాడు. సంచిలోంచి తీస్తూ, "అక్కా, సెమిస్టర్ దగ్గరపడుతుంటే ఇది ఈ మంత్రగాళ్ల పుస్తకాల గురించి రాసుకుంటూ కూర్చుంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని టీపాయ్ మీద పడేసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. చందమామ రాగానే నా చేతిలోంచి లాక్కుని మేడమీదికి పరిగెత్తింది ఎవరో గుర్తు చేద్దామనుకున్నాను. నెరిసిన జుట్టు చూసి ఊరుకున్నాను.

రెండు రోజులు కూర్చుని మొత్తం చదివాను. పధ్నాలుగు పుస్తకాలు, ఒక్కోదానికి ఒక పేజీ, ప్రతి పేజీ అడుగున ఎర్ర పెన్నుతో చుక్కలు. ఐదుకి మూడు, ఐదుకి నాలుగున్నర. ఆ అర చుక్క ఎందుకు తగ్గిందో ఒక్కచోటైనా రాశావా? ముప్పై నాలుగేళ్లు రైల్వే అకౌంట్స్‌లో పనిచేసినదాన్ని. తేడా వచ్చిందంటే ఏ పద్దులో వచ్చిందో చూపించాలి, లేకపోతే కాగితం నా బల్ల దాటదు. కాబట్టి ఆ చుక్కలు మానెయ్యి. వాటి బదులు చదవడం ఆగిపోయిన పేజీ నంబరు వెయ్యి. నవ్వొచ్చో, ఏడుపొచ్చో, ఒళ్లు మండో, ఏదైనా సరే, పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూసిన చోటు ఉంటుంది కదా, అది.

"నాకు అనిపించింది రాసుకుంటే అది రివ్యూ అవుతుందా అత్తయ్యా?" అని అడిగావు. అవ్వకపోతే ఏం? నీకేమనిపించిందో ఊళ్లోవాళ్లొచ్చి రాయరు కదా. నాకు కనబడిన లోపం వేరు. నోటుబుక్కులో ఎక్కడా తేదీ లేదు. అదేం పెద్ద లోపమా అనుకుంటావు. నా సంగతి ఒకటి చెబుతాను, విను.

1984. రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్లొచ్చిన ఏడాది. నాకు ఇరవై ఏడు. ఉద్యోగంలో చేరి ఏడాది. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసేసి ఉంటే వాటి మెట్ల మీదా, ఫుట్‌పాత్ మీదా పాత పుస్తకాలు పరిచేవాళ్లు, ఇప్పటికీ పరుస్తారు. అక్కడ అట్ట ఊడిన ఇంగ్లీషు నవల ఒకటి దొరికింది. లోపలి పేజీలో 'రామా' అన్న మాట చూసి తీసుకున్నాను. ఆరు రూపాయలంటే నాలుగున్నరకి బేరమాడాను. ఆర్థర్ సి. క్లార్క్ రాసిన 'రాండెవూ విత్ రామా', 1973లో వచ్చింది. ఈయన 1956 నుంచీ సిలోన్‌లోనే ఉంటున్నాడు కాబట్టి రావణుడి వైపు నుంచి ఏదో కథ రాసి ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే అందులో రాముడూ లేడు, లంకా లేదు. ఆకాశంలో కొత్తగా కనబడిన వాటికి పెట్టడానికి గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయాయట, అందుకని మన దేవుళ్ల పేర్లు మొదలుపెట్టారట. అంతే సంబంధం.

కథ నీకు పూర్తిగా చెప్పను. సౌరకుటుంబం అవతల నుంచి పెద్ద గొట్టం లాంటి నౌక ఒకటి వస్తుంది. యాభై కిలోమీటర్ల పొడవు, ఇరవై కిలోమీటర్ల అడ్డం. మనుషులు లోపలికి వెళ్తారు. అంతా చీకటి, గడ్డకట్టిన సముద్రం. సూర్యుడు దగ్గరపడేకొద్దీ మంచు కరుగుతుంది, దీపాలు వెలుగుతాయి. ఇంక వస్తారు, ఇంక వస్తారు అని నేను పేజీలు తిప్పుతూనే ఉన్నాను. ఎవరూ రారు. నౌక కట్టినవాళ్లెవరో, ఎందుకొచ్చారో తెలియదు. మనుషులనేవాళ్లు లోపలికొచ్చి తిరిగిన సంగతైనా పట్టించుకోకుండా సూర్యుడి పక్క నుంచి దాని దారిన అది వెళ్లిపోతుంది. నేను పుస్తకాన్ని మంచం మీదికి విసిరికొట్టాను. మళ్లీ తీసి చివరి పేజీలో పెన్సిలుతో ఏదో రాసి, కింద తేదీ వేశాను. ఆఫీసు అలవాటు.

2017 అక్టోబరులో హవాయిలోని టెలిస్కోపుకి బయటి నక్షత్రాల నుంచి వచ్చిన వస్తువు ఒకటి దొరికింది. మన సౌరకుటుంబంలో అలాంటిది కనబడడం అదే మొదటిసారి. ఊమువామువా అని పేరు పెట్టారు. అప్పుడు నా రామా గుర్తొచ్చింది. అటక మీది ట్రంకు పెట్టె దింపించి తీశాను. నేను రిటైరైన ఏడాది కూడా అదే.

చివరి పేజీ తెరిచి తేదీ చూడగానే గతుక్కుమన్నాను. దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు మా ఇంట్లో పెళ్లిచూపులు. గుంటూరు వాళ్లు. ఆరుగురొచ్చి స్వీటు, హాటు తిని, నన్ను రెండు ప్రశ్నలడిగి, ఉత్తరం రాస్తామని వెళ్లారు. ఆ ఉత్తరం ఇప్పటిదాకా రాలేదు. అలాంటి వారంలో నేను చదివిన నవలేమో ఇల్లంతా తిరిగి చూసినా గృహస్థు బయటికి రాని కథ! పుస్తకం విసిరికొట్టక ఏం చేస్తాను? పాపం, మధ్యలో క్లార్క్ తిట్లు తిన్నాడు. తేదీ వేసి ఉండకపోతే ఆ తిట్లు ఆయనకి చెందినవేనని నేను చచ్చేదాకా నమ్మేదాన్ని.

రెండోసారి నన్ను ఆపింది ఒక పువ్వు. జిమ్మీ అనే కుర్రాడు పెడల్స్ తొక్కుతూ ఎగిరే తేలికపాటి విమానమేసుకుని ఆ నౌకలో ఎవరూ అడుగుపెట్టని అవతలి ఒడ్డుకి వెళ్లి కూలిపోతాడు. అక్కడ పొలాల లాంటి చోట తిరుగుతుంటే పువ్వు ఒకటి కనబడుతుంది. అంత యంత్రంలోనూ ఒక్క పువ్వు. వాడు దాన్ని కోసేస్తాడు. మొదటిసారి ఆ పేజీ దాటినట్టు కూడా నాకు గుర్తులేదు, ఎవరు వస్తారా అని పరుగే పరుగు. ఈసారి మా అమ్మ గుర్తొచ్చింది. తెల్లారకముందే పక్కింటి గోడ మీది నుంచి చెయ్యి చాపి నందివర్ధనాలు కోసుకొచ్చేది. అడిగితే దేవుడికే కదా అనేది. ఆ పక్కింటావిడ ఎన్నడూ ఏమీ అనలేదు, కిటికీ కూడా తియ్యలేదు. చూసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

అందుకని పేజీ నంబరు కింద తేదీ వెయ్యి. ఆ వారం ఇంట్లోనో హాస్టల్లోనో ఏం జరిగిందో ఒక ముక్క రాసిపెట్టు. "మెస్‌లో గొడవ", "అమ్మతో మాట్లాడలేదు" ఇంత చాలు.

ఇక నీ నోటుబుక్కులోకి వస్తాను. అన్నిటికంటే మంచి వాక్యం ఎక్కడుందో తెలుసా? 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' పేజీలో, మడత పెట్టిన మూలన, చీమల్లాంటి అక్షరాలతో. అందులో మాంత్రికుడు గెడ్ నల్లగా ఉంటాడని సగం పుస్తకం అయ్యాక గాని తెలియలేదనీ, ఎందుకో సిగ్గేసిందనీ రాసుకున్నావు. పైన పేజీ అంతా నిండిన "మ్యాజిక్ సిస్టమ్ సూపర్" కంటే నాకు ఆ మూల ముఖ్యం. అక్కడ రాయాలమ్మా నువ్వు నాలుగు పేజీలు.

నేనూ అంతే. మొదటి అధ్యాయంలోనే ఊరి మీద పడే కార్గులు తెల్లవాళ్లు, పసుపు రంగు జుట్టువాళ్లు అని రాసే ఉంది. గెడ్ రాగి రంగు మనిషి, వాడి స్నేహితుడు వెచ్ ఇంకా నలుపు. అక్షరాలు కళ్ల ముందున్నా నా బుర్రలో మాత్రం తెల్ల కుర్రాడే పడవ నడిపాడు. చందమామలో అయితే చిత్రాగారు బొమ్మ వేసిచ్చేవారు, ఆ మాంత్రికుడి గడ్డం ఇలా ఉంటుందని తెలిసిపోయేది. బొమ్మలు లేని పుస్తకంలో ఆ బొమ్మ వేసిందెవరు? "అమ్మాయి కాస్త చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే ఇళ్లలో పెరిగాం మనం. వేసింది ఆ ఇళ్లే. ఉర్సులా లె గ్విన్ 1968లో ఆ పుస్తకం కావాలనే అలా రాసింది. ముందు చదివేవాళ్లని గెడ్ లోపల కూర్చోబెట్టి, తర్వాత మెల్లిగా రంగు చెప్పింది. అయినా అట్టల మీద ఏళ్ల తరబడి వాణ్ణి తెల్లగా వేస్తూనే ఉన్నారు. 2004లో టీవీకి తీసినప్పుడూ తెల్ల కుర్రాణ్ణే పెడితే ఆవిడ బాహాటంగా కోప్పడింది. కాబట్టి నీ సిగ్గులో చాలామందికి వాటా ఉంది. కానీ రాసుకున్నది నువ్వు.

అదే పేజీలో ఇంకొకటి: "ఆడవాళ్ల మంత్రాలంటే ఎందుకింత చులకన? బహుశా నాకే అర్థం కాలేదేమో." రెండో వాక్యం కొట్టెయ్యి. అర్థమైంది నీకు. మొదటి మూడు పుస్తకాలు 1972కి అయిపోయాయి. మాంత్రికుల బడిలో అందరూ మగవాళ్లే, ఊళ్లో మంత్రగత్తె అంటే అందరికీ చిన్నచూపే. తన లోకాన్ని తనే మళ్లీ చూసుకుని, ఆ లెక్క సరిచేస్తూ లె గ్విన్ 'తెహానూ' రాసింది 1990లో. అందులో నడివయసు విధవరాలు, ఒళ్లు కాలిన పసిపిల్ల, శక్తులన్నీ పోయి ఇంటికొచ్చిన గెడ్. తిన్న కంచం ఎవరు కడగాలన్న పేచీ ఆ మంత్రాల లోకంలోకి వచ్చింది. ఆవిడ పద్దెనిమిదేళ్ల తర్వాత అచ్చువేసిన మాట నీకు సెకండియర్ హాస్టల్లో తట్టింది. మళ్లీ 'బహుశా' ఎందుకు? 'తెహానూ' మాత్రం కాస్త ఆగి చదువు. ఇప్పుడు చదివితే మంత్రాలేవీ అని విసుక్కుంటావు. వద్దంటే ముందే చదువుతావని కూడా తెలుసు.

'లార్డ్ ఆఫ్ లైట్' దగ్గర నువ్వు ఒక్క ముక్క రాసి వదిలేశావు: "మన దేవుళ్ల పేర్లతో ఆటలేంటి? ఆపేశా." కోపం తప్పని నేననను. రోజర్ జెలజ్నీ 1967లో రాసిన పుస్తకం. వేరే గ్రహం మీద దిగిన మనుషులు యంత్రాలన్నీ తమ గుప్పిట్లో పెట్టుకుని, బ్రహ్మ, యముడు అని పేర్లు పెట్టుకుని, మిగతా జనం చేత పూజలు చేయించుకుంటుంటారు. వాళ్లలోనే ఒకడు బుద్ధుడి వేషం కట్టి ఎదురు తిరుగుతాడు. నాకూ కొన్నిచోట్ల పంటికింద రాయిలా తగిలింది. ఆయనకి ఆ పేర్లు పుస్తకాల్లో తెలుసు, పూజగదిలో తెలియవు. అగరుబత్తి వాసన రాదు. కానీ నువ్వు ఆపేసిన చోటు దాటితే ఇంకో కోపం మొదలవుతుంది. అచ్చుయంత్రం లాంటి చిన్న సదుపాయం కూడా జనానికి అందకుండా తొక్కిపెడుతుంటారు వాళ్లు. పాత శరీరం వదిలి కొత్తది తీసుకోవాలంటే కర్మ అధిపతుల ముందు నిలబడాలి, వాళ్లు నీ మనసంతా తిరగేసి చూసి ఏ ఒళ్లు ఇవ్వాలో తేలుస్తారు. సర్వీస్ రిజిస్టర్ వెరిఫికేషనే! నేను ఆఫీసు లంచ్‌లో అది చదువుతూ నవ్వాపుకోలేక సాంబారు ఒంటి మీద ఒలకబోసుకున్నాను. నీ కోపం పేర్లు వాడినందుకా, పేర్లు పెట్టుకుని కూర్చున్న వాళ్ల మీదా? రెండూ అయితే రెండూ రాయి, విడివిడిగా. అన్నట్టు ఆ నవలని సినిమాగా తీద్దామని ఒకాయన స్క్రిప్టు రాసుకుంటే, అది తెరకెక్కలేదు గానీ, 1980లో టెహ్రాన్‌లో చిక్కుకున్న ఆరుగురు అమెరికన్లను తప్పించడానికి సీఐఏ వాళ్లు ఆ స్క్రిప్టుకి 'ఆర్గో' అని పేరు మార్చి, షూటింగ్ బృందం వేషంలో వెళ్లారు. వేషాల కథ వేషానికే పనికొచ్చింది.

'లార్డ్ ఆఫ్ లైట్'ని మళ్లీ పట్టుకునే ముందు విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహా హూహూ' చదివి చూడు. చిన్నదే. గుర్రం తల గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు, తెల్లవాళ్లంతా చుట్టూ చేరి ఇదేం జంతువని పరీక్షలు పెడతారు. అక్కడ వింతగా నిలబడేది ఎవరో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత జెలజ్నీ దగ్గరకెళ్తే నీ కోపం ఏ రంగుకి తిరుగుతుందో నాకు రాయి.

'డ్యూన్' నచ్చలేదని చెప్పడానికి అంత భయపడ్డావేం? మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వెనకున్న పదాల పట్టిక దగ్గరే నేను ఇసుకలో కూరుకుపోయాను. 1965లో దాన్ని ఇరవైమంది దాకా ప్రచురణకర్తలు కాదన్నాక, కార్ల రిపేరు పుస్తకాలేసే చిల్టన్ కంపెనీ వేసింది. ఇప్పుడు లోకమంతా మెచ్చుకుంటోంది. మెచ్చుకోనీ. నాకు మాత్రం పడలేదు, డెబ్బై దగ్గరపడుతున్నా పడుతుందన్న ఆశా లేదు.

ఇవన్నీ పిల్లల పుస్తకాలంటున్న నీ రూమ్మేట్ల సంగతి నాకు వదిలెయ్యి, సంక్రాంతికి వాళ్లనీ తీసుకురా, అరిసెలు పెట్టి మాట్లాడతాను.

వచ్చే శనివారం మీ నాన్న వైజాగ్ వస్తున్నాడట. నా రామాని వాడితో పంపిస్తున్నాను. అట్ట లేదు, నేనే బ్రౌన్ పేపరు వేశాను. నూట నలభయ్యో పేజీ దగ్గర వదులుగా ఉంది, జాగ్రత్తగా తిప్పు. మధ్యలో సిటీ బస్సు టికెట్టొకటి ఉంటుంది, అది అక్కడే ఉండనీ. చివరి పేజీలో నా పెన్సిల్ రాత ముందే తీసి చూడకు. చదవడం అయ్యాక చూసి, దాని కింద నీది రాసి, తేదీ వేసి తిప్పి పంపు.

మీ అమ్మని అడిగానని చెప్పు. బీపీ మాత్రలు మానేసిందని విన్నాను, ఫోను చెయ్యమను.

నీ
అత్తయ్య