క్రూజర్ కొనే ముందు ఒకసారి కొండెక్కి దిగండి

ఫైనలియర్‌కి రాగానే నాయన బండికి డబ్బులిస్తానన్నాడు. షరతు ఒక్కటే: నెలకోసారి అమ్మను కొండకు తీసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులొచ్చాక ఆమె అలిపిరి మెట్లు ఎక్కలేకపోతోంది. నాకేమో చిన్నప్పట్నుంచి క్రూజర్ పిచ్చి. హాస్టల్లో అందరూ సీసీలు, మైలేజీలే చెప్పారు. కూర్చునే తీరు గురించి అడిగింది అమ్మ ఒక్కతే: "ఎనక కూచునేది నేను గదరా, నన్నడగవా?"

అక్కడ్నుంచి నేను నేర్చుకున్నది ఇది.

కూర్చునే తీరును బట్టి క్రూజర్లను మూడు రకాలుగా చూడొచ్చు. మొదటిది కాళ్లు బాగా ముందుకు చాచేది. ఉదాహరణకు బజాజ్ అవెంజర్ క్రూజ్ 220: సీటు ఎత్తు 737 మి.మీ., వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, 1490 మి.మీ. రెండోది కాళ్లు కాస్త మాత్రమే ముందుకుండేది. ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350: సీటు 765, వీల్‌బేస్ 1400. మూడోది ఒక్క సీటుతో వచ్చే బాబర్. అమ్మ ఉంది కాబట్టి నా లిస్టులోంచి మొదట పోయింది అదే.

వీల్‌బేస్ పొడవైతే చెన్నై హైవే లాంటి దారిలో బండి నిలకడగా పోతుంది. ఇరుకు మలుపులో మాత్రం అదే పొడవు ఎక్కువ జాగా అడుగుతుంది. మన కొండకు రెండు ఘాట్‌రోడ్లు. 1974లో వచ్చినదాంట్లో ఎక్కుతాం, 1944 నాటి పాతదాంట్లో దిగుతాం. హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువగా ఉండేది దిగే దారిలోనే. అందుకే అసలు పరీక్ష దిగేటప్పుడే.

మలుపులో బండి ఎంత వాలాలో మన ఫిజిక్సే చెప్తుంది: వాలే కోణం టాన్ విలువ = వేగం వర్గం ÷ (మలుపు వ్యాసార్ధం × 9.81). 10 మీటర్ల వ్యాసార్ధం అనుకుందాం. గంటకు 20 కి.మీ. వేగంలో సుమారు 18 డిగ్రీలు, 30లో ఏకంగా 35. చాలా క్రూజర్లకు 30 డిగ్రీల చుట్టుపక్కలే ఫుట్‌రెస్ట్ రోడ్డుకు గీసుకుంటుంది. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా లేదు చూడండి. తగ్గించాల్సింది వేగమే.

ఇక సుఖం సంగతి. మొదటి రెండు రకాల పాత బండ్లు స్నేహితుల దగ్గర అడిగి, రెండు ఆదివారాలు అమ్మతో కొండకు పోయొచ్చాను. కాళ్లు చాచేది ఎక్కేటప్పుడు సోఫాలాగే ఉంది. దిగేటప్పుడు స్పీడ్ బ్రేకర్ వస్తే మాత్రం సీట్లోంచి లేవడానికి వీల్లేదు, ఎందుకంటే ఫుట్‌రెస్టులు నా కింద లేవు, ముందెక్కడో ఉన్నాయి. దెబ్బంతా నడుముకే. రెండో రకంలో కాళ్ల మీద బరువేసి కొంచెం పైకి లేవగలిగాను.

అమ్మ విషయంలో నేను అనుకున్నది తప్పయింది. సీటు కిందికుంటే మోకాళ్లకు మంచిదనుకున్నా. ఎక్కడానికి సులువే, కానీ వెనక సీటుకూ వెనక ఫుట్‌రెస్టుకూ దూరం తగ్గితే మోకాలు ఎక్కువగా మడవాలి. మొదటి బండి దిగాక ఆమె ఐదు నిమిషాలు కాలు చాపుకొని కూర్చుంది. తర్వాతి వారం టేపుతో కొలిచాను. రెండో బండిలో ఆ దూరం నాలుగు వేళ్లు ఎక్కువ.

కాబట్టి షోరూమ్‌కి పోతే మూడు పనులు చేయండి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, దూరపు చెయ్యి అందుతోందో లేదో చూడండి. ఫుట్‌రెస్టుల మీద సగం లేవగలరేమో చూడండి. వెనక కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఘాట్‌లో దిగేటప్పుడు ఇంజన్ ఆపొద్దు, చిన్న గేర్‌లో రండి, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా ఉంటాయి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. టూవీలర్లను కొండకు వదిలే వేళలు కూడా చూసుకొని బయల్దేరండి.

నేను రెండో రకమే కొన్నాను. పోయిన నెల కొండ దిగొచ్చాక అలిపిరి దగ్గర బండాపితే, అమ్మ మోకాలు పట్టుకోకుండా టీ కొట్టు దాకా నడిచింది. టీ డబ్బులు కూడా ఆమే ఇచ్చింది.